ముందు దిగిన పిల్ల

పోయిన వారం మీరు నన్ను ఈత కొలను పక్కన బట్టలు మార్చుకునే గదిలో, చేతిలో ఒక తెల్ల అంగీతో, కొయ్యబారి నిలబడ్డ చోట వదిలి వెళ్లారు. ఇంకా అక్కడే ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కల్లో సంగతి చెప్పేస్తాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

నేను ఈత నేర్పుతాను. పొద్దస్తమానం మెడలో ఈల వేలాడుతుంది కాబట్టి అందరూ నన్ను ఈల అనే పిలుస్తారు. మా అక్క దర్జీ. మా సంఘంలో బాప్తిస్మం తీసుకునే ప్రతివాళ్లకీ అంగీ కుట్టేది తనే. మునిగి బాప్తిస్మం తీసుకోవడానికి మా మందిరంలో తొట్టి లేదు, అందుకని శనివారం పొద్దున్న నేను పనిచేసే కొలనుకే అందరూ వస్తారు. అక్కకి ఒక్కగానొక్క కూతురు, పందొమ్మిదేళ్లది. అల్లరి చూసి చిన్నప్పుడే పిడుగు అని పేరు పెట్టాను, అదే ఖాయమైపోయింది. ఆ పిడుగు గుండె కవాటం జబ్బుతో, ఆపరేషన్ తేదీ కూడా రాకముందే, మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. ఇవాళ్టికి ఏడు వారాల మూడు రోజులు.

తల్లీ కూతుళ్లు ఇద్దరూ ఒకే రోజు నీళ్లల్లో దిగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. కానీ అక్కకి నీళ్లంటే చచ్చేంత భయం. ఇరవై ఏళ్లుగా లోకానికంతటికీ అంగీలు కుట్టిపెట్టి, తన వంతు వచ్చేసరికి జలుబనో, పనుందనో ఏదో ఒక వంక పెట్టేది. ఈలోపు పిల్లకి జబ్బు ముదిరింది, డాక్టరు ఈతా గీతా వద్దన్నాడు, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. సమాధి దగ్గర మా సంఘపెద్ద అక్క ముందుకొచ్చి, "అమ్మా, పిల్ల బాప్తిస్మం సంగతి..." అని మొదలుపెట్టి, పూర్తి చేయకుండా పక్కకి తప్పుకున్నారు. మిగతాది అక్క తనే పూరించుకుంది. బాప్తిస్మం లేకుండా పోయింది కాబట్టి పిల్ల ప్రభువు దగ్గర లేదని అర్థం చేసుకుంది. అప్పటినుంచి మిషను ముట్టలేదు, మందిరం గడప తొక్కలేదు. నేను కనపడితే చాలు, మళ్లీ నా పిల్లని చూస్తానా అని అడుగుతుంది. చూస్తావంటాను. నీకెలా తెలుసు అంటుంది. అక్కడ నా నోరు మూతపడుతుంది.

ఇవాళ పొద్దున్న, పిల్ల కోసం కుట్టి బీరువాలో దాచిన అంగీని కవరు కూడా విప్పకుండా నా చేతిలో పెట్టి, కొలను దగ్గర గచ్చు తుడుచుకోవడానికి వాడుకోమంది. నేను విప్పి చూస్తే అంచు చుట్టూ తుప్పు మరకలు. పోయిన వారం అక్కడే ఆగాం.

తుప్పు మరకలకే ఇంత హడావుడి ఎందుకంటారా? బాప్తిస్మం అంగీ నీళ్లల్లో గొడుగులా పైకి తేలిపోకూడదని అంచు మడతలో బరువులు పెట్టి కుడతారు. అక్క ఎప్పుడూ సీసం ముక్కలే వాడుతుంది. పిడుగు అంగీ కుట్టేనాటికి సీసం అయిపోయింది. తర్వాత మారుద్దాంలే అని పక్కనున్న ఇనుప సామాన్ల దుకాణం నుంచి వాషర్లు తెచ్చి పెట్టింది. నేనే తెచ్చిచ్చాను, నాకు బాగా గుర్తు. ఇనుము బీరువాలో పొడిగా కూర్చుని తుప్పు పట్టదు. ప్రతి మరకా సరిగ్గా వాషరంత గుండ్రంగా ఉంది. అంగీని ముక్కు దగ్గర పెట్టుకుంటే లీలగా నా కొలను నీళ్లల్లో కలిపే క్లోరిన్ మందు వాసనే. పదిహేనేళ్లుగా నా ఒంటికి పట్టిన వాసన అది, పొరపాటు పడే ప్రసక్తే లేదు.

ఎవరో ఈ అంగీ తొడుక్కుని నా కొలనులో దిగారు. నాకు తెలియకుండా!

కొలను తాళాలు ఉండేది ఇద్దరి దగ్గరే, నా దగ్గరా, పంపు బాబాయ్ దగ్గరా. నీళ్లు తోడడం, మందు కలపడం ఆయన పని. ఇవాళ గురువారం, కొలనుకి సెలవు, ఆయన ఒక్కడే మోకాళ్ల దాకా పంట్లాం మడిచి జాలీలు కడుగుతున్నాడు. నేను అంగీ చేత్తో పట్టుకుని వెళ్లి ఆయన ముఖం ముందు ఆడించాను. ఆయన చేతిలో బ్రష్షు జారి నీళ్లల్లో పడింది. ఇక నేను అడగాల్సిన పని లేకుండా పోయింది.

అయినా వదిలానా? ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగాను. బాబాయ్ నీళ్లు నమిలాడు, తల గోక్కున్నాడు, పిడుగుకి ఒట్టు వేశానమ్మా అన్నాడు. ఒట్టు వేయించుకున్న మనిషే పోయిందని నేను అరిచేసరికి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, గట్టు మీద కూలబడి చెప్పేశాడు. తొమ్మిది వారాల కిందట, ఇలాంటి గురువారమే, మిట్టమధ్యాహ్నం, పిడుగు వచ్చింది. ఆ రోజు నేనూ అక్కా ఆపరేషన్ తేదీ కోసం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాం. పిల్ల ఇంట్లో పడుకుని ఉందనుకున్నాం. పిల్ల పడుకోలేదు. ఒక మనిషిని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి నీళ్లల్లో దిగింది. ఆ మనిషెవరని అడిగితే బాబాయ్ నా వైపు చూడకుండా చెప్పాడు. అద్దాల మావయ్య.

అద్దాల మావయ్య అంటే మా సంఘపెద్దే. కళ్లజోళ్ల దుకాణం ఆయనది. సమాధి దగ్గర సగం మాట అని మా అక్క గుండెలో మేకు దిగ్గొట్టింది ఆయనే.

ఆ తర్వాత నేను నడిచానో ఎగిరానో తెలియదు. తడి చెప్పులు టపటపలాడుతుంటే మూడు వీధులు దాటాను. ఒక పక్క ఆనందంతో ఒళ్లు ఊగిపోతోంది. పిల్ల దిగింది, అక్కకి చెప్పొచ్చు, ఇక ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది! ఇంకో పక్క ఆ పెద్దమనిషి మెడ పట్టుకుని అటూ ఇటూ ఊపేయాలన్నంత కోపం. ఈ రెండూ ఒకేసారి మోసుకుంటూ దుకాణం తలుపు తోశాను.

లోపల ఒకావిడ ఒక కంటికి మూత పెట్టుకుని గోడ మీద అక్షరాలు చదువుతోంది. పై వరస బాగానే చదివింది, రెండో వరసలో నా మొహం చూసి ఆగిపోయింది. మావయ్య చిన్న స్క్రూడ్రైవరుతో ఒక ఫ్రేము బిగిస్తున్నారు. నేను అంగీని అద్దాల పెట్టె మీద పరిచి, అంచు ఆయన వైపు తిప్పాను. ఆయన తన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. ఆ ఆడమనిషిని రేపు రమ్మని పంపించి, తలుపు గడియ వేశారు.

"పిల్లని నీళ్లల్లో దింపింది మీరేనా మావయ్యా?" అన్నాను.

"నేనే."

"మరి సమాధి దగ్గర నోరు పెగల్లేదేం?"

"పదకొండు రోజులే బతికింది తర్వాత. నేనే చంపానమ్మా ఆ పిల్లని."

నా కోపం సగానికి సగం అక్కడే జారిపోయింది. కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఆయన అప్పుడు మొత్తం చెప్పారు, ఏదీ దాచలేదనే అనుకున్నాను.

పిడుగు మూడుసార్లు అడిగిందట. మూడుసార్లూ ఆయన కాదన్నారట. ఆపరేషన్ అయ్యాక, అమ్మతో కలిసి, అందరి ముందూ దిగుదువుగాని అన్నారట. నాలుగోసారి దుకాణానికి వచ్చి, మెట్లెక్కడానికే ఆయాసపడుతూ, ఆపరేషన్ దాకా ఉంటానో లేదో తాతయ్యా అందట. ఆ మాటతో ఆయన ఒప్పుకున్నారు. కానీ పెద్ద కొలనులో చల్లటి నీళ్లల్లో దింపనన్నారు. పసిపిల్లలకి ఈత నేర్పే చిన్న కొలను ఉంది కదా, అడుగున పసుపుపచ్చ బాతు బొమ్మలు, నీళ్లు ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటాయి. అందులో దింపారు. నీళ్లు మోకాలు దాటవు కాబట్టి పిల్ల బాతుల మీద చతికిలబడి కూర్చుందట. ఈయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చారట. లేచాక అది పడీ పడీ నవ్విందట, ఈ అంగీ ఇంత బరువేంటి తాతయ్యా, అమ్మ నన్ను మునిగాక పైకి రానివ్వకూడదని కుట్టిందా ఏంటి అని.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. అచ్చం దాని మాటే.

డాక్టర్ని అడిగారా అన్నాను. అడిగారట. ఆ నీళ్లకీ చావుకీ ఏ సంబంధమూ లేదని, కవాటం ఎప్పటినుంచో పాడైపోయి ఉందని డాక్టరు తేల్చి చెప్పాడట. ఆ మాట నేనూ చెప్పగలను. వారానికి మూడు రోజులు గుండె జబ్బువాళ్లని డాక్టరు చీటీ మీదే గోరువెచ్చటి నీళ్లల్లో నడిపిస్తాను. రెండు నిమిషాలు ఆ చిన్న కొలనులో కూర్చుంటే ఎవరికీ ఏమీ కాదు. బుర్రకి తెలుసమ్మా, గుండె ఒప్పుకోదు అన్నారు మావయ్య. సమాధి దగ్గర పిల్లని దింపిన సంగతే చెప్పబోయారట, అక్క కళ్లు చూసి పక్కకి తప్పుకున్నారట.

మా సంఘంలో నీళ్లల్లో దిగేముందు ప్రతివాళ్లూ తమ నమ్మకం గురించి సాక్ష్యం చెప్పాలి. వాళ్లు ఎలా చెబితే అలాగే, ఒక్క మాట దిద్దకుండా, సంఘపెద్ద రాసుకోవాలి. పిడుగు సాక్ష్యం కూడా రాసుకున్నారు. సంఘం పుస్తకంలో రాస్తే తెలిసిపోతుందని విడి కాగితం మీద రాసి, కళ్లజోడు పెట్టెలో మడిచి దాచారు. ఆ పెట్టె నా చేతిలో పెట్టారు. నేను తెరవలేదు. అది ముందు చదవాల్సింది నేను కాదు.

లేవండి మావయ్యా అన్నాను. లేవలేకపోతే మోసుకెళ్తాను, మునిగినవాళ్లని లాగడమే నా ఉద్యోగం అన్నాను. ఆయన లేచారు.

దుకాణంలో మాటలతోనే పొద్దు వాలింది. అక్క ముందు గదిలోనే ఉంది. మిషను మీద దుప్పటి కప్పి ఉంది, గోడ మేకుకి కొలతల టేపు వేలాడుతోంది. మావయ్యని చూడగానే అక్క ముఖం గోడలా అయిపోయింది. కూర్చోమనలేదు. ఆయనా కూర్చోలేదు. నిలబడే, అరిచేతులు రెండూ ముందుకి పట్టుకుని, దుకాణంలో నాకు చెప్పినట్టే మొదటినుంచీ చెప్పారు. పదకొండు రోజుల మాట కూడా మింగేయలేదు. ఇప్పుడు అక్క ఏమంటుంది? నా బిడ్డని చంపావా అని మీద పడుతుందా? పడితే ఎవర్ని పట్టుకోవాలో నాకే తెలియలేదు.

అక్క అడిగింది.

"నీళ్లు వెచ్చగానే ఉన్నాయా?"

"వెచ్చగానే ఉన్నాయమ్మా. ముందు నేను చెయ్యి పెట్టి చూశాను."

"తల ఆరబెట్టుకుందా?"

పంపు బాబాయ్ రెండు తువ్వాళ్లు ఇచ్చాడని, అరగంట ఎండలో కూర్చోబెట్టే పంపామని ఆయన చెప్పారు. అక్క తల ఊపింది. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. ఇద్దరం కలిసి దిగుదామంది, నన్ను వదిలేసి తనొక్కతే దిగిందా, అన్నిట్లోనూ నన్ను వదిలేసే పోయింది అని ఒకటే గోల. ఏడు వారాలుగా రాయిలా కూర్చున్న మనిషి అలా అరుస్తుంటే నాకు భయం వేయలేదు, ప్రాణం లేచొచ్చింది. నేను పెట్టె తెరిచి కాగితం తన చేతికిచ్చాను. కళ్లు నిండిపోయి చదవలేకపోయింది. నువ్వే చదువు అంది. చదివాను.

"చావంటే నాకు భయం లేదని అబద్ధం చెప్పను. పొద్దున్న ఎక్కువ ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. కానీ యేసయ్య చనిపోయి, సమాధిలోకి వెళ్లి, బతికి బయటికొచ్చాడు. ఆయన నన్ను కూడా తెస్తాడు. మా అమ్మకి నీళ్లంటే భయం. నేను ముందు దిగి, లోతెంతో చూసి, ఏమీ కాదమ్మా రా అంటే వస్తుంది. నేనెక్కడికి వెళ్తే అక్కడికి వచ్చే మనిషి మా అమ్మ. మా పిన్నికి మాత్రం చెప్పొద్దు, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు."

అక్క కాగితం లాక్కుని, పెదాలు కదుపుతూ, తనే మళ్లీ చదువుకుంది. మావయ్య అప్పుడు సమాధి దగ్గర మిగిల్చిన మాట పూర్తి చేశారు.

"నీళ్లల్లో దిగింది కాబట్టి ప్రభువు దగ్గరుందని నేను అనడం లేదమ్మా. దిగకుండా పోయినా అక్కడే ఉండేది. సిలువ మీద ప్రభువు పక్కన వేలాడి పరలోకం పొందిన దొంగని ఎవరు ముంచారు? పిల్ల ఆయన్ని నమ్ముకుంది, ఆయన పట్టుకున్నాడు. నువ్వు దాన్ని చూస్తావు. ఆ రోజే చెప్పాల్సింది, నా భయంతో నీకు ఏడు వారాల నరకం చూపించాను. క్షమించు."

అక్క కాగితం గుండెకి హత్తుకుని, నేల మీద కూర్చుని, బావురుమని ఏడ్చింది. పిల్ల పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉన్నాను. కాసేపటికి ఏడుపు మధ్యలోంచి, బాతుల మీద కూర్చుందా అని అడిగింది. ఔను అన్నాను. తిన్నగా కూర్చుని ఉండదు, ఒక బాతుని గోకి ఉంటుంది అంది. ఇద్దరం పకపకా నవ్వాం. మావయ్య అయోమయంగా మమ్మల్నే చూస్తూ నిలబడ్డారు.

అక్క ముక్కు తుడుచుకుని లేచింది. మిషను మీద దుప్పటి లాగేసింది. శనివారానికి ఎంతమంది అని అడిగింది. ఏడుగురు అన్నాను. ఎనిమిది, నాది ఇంకా కుట్టుకోవాలి అంది. నేను నోరెళ్లబెట్టాను.

"పిల్ల లోతు చూసి చెప్పింది కదా. ఇంకెందుకు భయం? మావయ్యగారూ, నన్ను మీరే దింపాలి. దాన్ని పట్టుకున్న చేతులే నాకు కావాలి."

మావయ్య తల అడ్డంగా ఊపారు. ఇక నేను ఎవర్నీ దింపలేనమ్మా అన్నారు. ఎందుకు దింపలేరో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి మూడోసారికి చెప్పారు. ఈ పొద్దున్నే పాస్టరు గారి చేతికి ఒక ఉత్తరం ఇచ్చి వచ్చారు. సంఘపెద్ద పని మానేస్తున్నానని, ఒక జబ్బు పిల్లని నీళ్లల్లో ముంచి తన చేతులతో చంపుకున్నానని రాశారు. పిల్ల పేరు కూడా రాశారు. ఇవాళ సాయంత్రం ప్రార్థన కూడికలో అందరి ముందూ విప్పి చదవమని మాట తీసుకున్నారు.

నేను అప్పటికే ఫోను తీశాను. పాస్టరు గారి ఫోను ఆపేసి ఉంది, కూడికలో ఎప్పుడూ ఆపేస్తారు. ఆ ఉత్తరం చదివారంటే అంతే. పిడుగు అంత సంతోషంగా చేసిన పని రేపటికల్లా హత్య అయిపోతుంది. జబ్బు మనిషి బాప్తిస్మం మాటెత్తితే చాలు, ఇంట్లోవాళ్లు తలుపులు వేసేస్తారు. ఈ పెద్దమనిషి జన్మలో తలెత్తుకోలేడు. పిల్ల సాక్ష్యం ఎవరికీ వినపడదు.

కిటికీలోంచి మైకులో పాట వినిపించింది. మందిరం నాలుగు వీధుల అవతల. కూడికలో రెండు పాటలు పాడతారు, రెండోది అవగానే ఉత్తరాలు చదువుతారు. ఇది ఎన్నో పాట అని అడిగాను. మావయ్య చెవి ఒగ్గి విన్నారు. మొదటిదే, చివరి చరణం అన్నారు.

నేను మావయ్య చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగుతున్నాను, ఆయన కాళ్లు కదలడం లేదు. మా ఇద్దర్నీ పక్కకి నెట్టుకుంటూ, కాగితం పిడికిట్లో పట్టుకుని, అక్క వట్టి కాళ్లతో వీధిలోకి దూకింది. ఏడు వారాలుగా ఇల్లు కదలని మనిషి, ఇక మందిరం ముఖం చూడనన్న మనిషి, చీర కుచ్చిళ్లు పైకి ఎగదోపి పరుగెడుతోంది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగింది.

"నా కూతుర్ని ఎవరూ చంపలేదని నేను చెప్తాను. నా కూతురు మళ్లీ బతుకుతుందని కూడా నేనే చెప్తాను. రండి!"

మైకులో మొదటి పాట ఆగిపోయింది. రెండోది మొదలైంది. ఆ పాట నాకు తెలుసు, దానికి మూడే చరణాలు.